పాత ల్యాప్‌టాప్‌కు 34,000 రూపాయల గ్రాఫిక్స్ కార్డు వేయించవచ్చునా?

ప్రశ్న: నేను ఒడిశాలోని రాయగడలో ఇళ్ల ప్లాన్లు, ఎలివేషన్లు గీసి ఇస్తుంటాను. పార్వతీపురం, బొబ్బిలి వైపు నుంచి కూడా పని వస్తుంది. 2021లో విశాఖపట్నంలో సెకండ్ హ్యాండ్‌లో కొన్న డెల్ ప్రెసిషన్ 7720 మీద పని చేస్తున్నాను. అందులో ఐ7-7700హెచ్‌క్యూ ప్రాసెసర్, 16 జీబీ ర్యామ్, 4 జీబీ క్వాడ్రో ఎం1200 కార్డు ఉన్నాయి. బ్లెండర్ అనే త్రీడీ ప్రోగ్రాములో ఒక్కో బొమ్మ రెండర్ కావడానికి, అంటే తుది చిత్రంగా తయారవడానికి, 50 నిమిషాలు పడుతోంది. అంతసేపూ ప్రాసెసర్ నూటికి నూరు చూపిస్తుంది, గ్రాఫిక్స్ కార్డు మాత్రం కదలదు. విశాఖలో మా బావగారికి తెలిసిన మెకానిక్ 34,000కు 16 జీబీ క్వాడ్రో పీ5000 వేస్తానంటున్నాడు. బిల్లు ఉండదు, 15 రోజులు మాట గ్యారంటీ. లేకపోతే 1,65,000 పెట్టి కొత్త వర్క్‌స్టేషన్‌ను 24 నెలల వాయిదాల మీద కొనమంటున్నారు. నెలకు సగటున 38,000 వస్తుంది, ఇంటి ఖర్చు 26,000. 20 నెలల లక్ష రూపాయల చీటీలో నెలకు 5,000 చొప్పున 7 నెలలు కట్టాను. ఇప్పుడు పాడితే 76,000 చేతికి వస్తుంది. ఏం చేయమంటారు?

జవాబు: మీ ఉత్తరంలో ధరలన్నిటికంటే విలువైన సమాచారం ఒక్క వాక్యంలో ఉంది. రెండర్ అవుతున్నంతసేపూ గ్రాఫిక్స్ కార్డు కదలడం లేదని మీరే రాశారు. అంటే డబ్బు పోసి కొన్న కార్డు నాలుగేళ్లుగా పని లేకుండా కూర్చుని ఉండవచ్చు. బ్లెండర్‌ను కొత్తగా ఎక్కించినప్పుడు, అందులో బొమ్మను తయారుచేసే సైకిల్స్ అనే ఇంజన్‌కు ఏ పరికరాన్ని వాడాలో మనం ఎంచి చెప్పేవరకు అది ప్రాసెసర్ మీదనే నడుస్తుంది. ప్రిఫరెన్సెస్‌లోని సిస్టమ్ పేజీకి వెళ్లి, కుడా (CUDA, ఎన్విడియా కంపెనీ కార్డులతో లెక్కలు చేయించే పద్ధతి) అనే అంశాన్ని ఎంచుకుని, ఎం1200 పేరు ఎదురుగా టిక్ పెట్టి, ఆ తరువాత రెండర్ సెట్టింగులలో డివైస్ అన్నచోట జీపీయూను ఎంచుకోవాలి. టాస్క్ మేనేజర్‌లో గ్రాఫిక్స్ కార్డు పేజీ మొదట త్రీడీ వంటి గ్రాఫులనే చూపిస్తుంది కనుక, వాటిలో ఒకదాని పేరు మీద నొక్కి కుడాకు మార్చి చూస్తేనే కార్డు నిజంగా పని చేస్తోందో లేదో తెలుస్తుంది.

రెండవ అనుమానం, తెర మీద బొమ్మను తిప్పేటప్పుడు తడబాటు వస్తుంటే దానికి సంబంధించినది. మీ యంత్రంలో ప్రాసెసర్‌తో పాటు వచ్చే ఇంటెల్ గ్రాఫిక్స్ ఒకటి, క్వాడ్రో ఒకటి, రెండూ ఉన్నాయి. ఏ ప్రోగ్రామును దేని మీద నడపాలో విండోస్ ఒక్కోసారి తప్పుగా నిర్ణయిస్తుంది. విండోస్ డిస్‌ప్లే సెట్టింగులలోని గ్రాఫిక్స్ పేజీలో బ్లెండర్‌ను, ప్లాన్లు గీయడానికి ఆటోక్యాడ్ వాడుతుంటే దానిని చేర్చి రెండింటికీ హై పెర్ఫార్మెన్స్ అని పెట్టండి. ఆటోక్యాడ్‌లో గ్రాఫిక్స్‌కాన్ఫిగ్ అనే కమాండుతో హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆన్‌లో ఉన్నదో లేదో కూడా చూడండి. అయితే ప్లాన్ గీతల పని ప్రాసెసర్ వేగం మీదనే ఎక్కువగా ఆధారపడుతుంది కాబట్టి, ఎంత ఖరీదైన కార్డు వేసినా అక్కడ పెద్ద తేడా కనిపించదు. అడాప్టర్ మీద 240 వాట్లు అని ఉండాలి. చేతులు మారిన యంత్రానికి తక్కువ వాట్ల అడాప్టర్ తగిలించి ఉంటే, యంత్రం తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది.

ఎం1200 చిన్న కార్డు అన్న మాట నిజమే. అందులో 640 కుడా కోర్లు ఉంటే పీ5000లో 2,048 ఉంటాయి, మెమరీ నాలుగు రెట్లు. కాబట్టి ఆ కార్డు వేయిస్తే వేగం పెరుగుతుందన్నది తప్పు కాదు. కానీ ఆ పెరిగే వేగం మీకు ఎన్ని రూపాయలు తెస్తుంది? నెలకు ఆరు ఎలివేషన్లు, ఒక్కోదానికి నాలుగు బొమ్మలు అనుకుంటే 50 నిమిషాల చొప్పున 20 గంటలు. ఆ 20 గంటలూ మీరు యంత్రం ముందు కూర్చోనవసరం లేదు, రాత్రి పెట్టి పడుకుంటే తెల్లవారేసరికి బొమ్మలు తయారై ఉంటాయి. బొమ్మలోని చుక్కల గరుకును తుడిచే డీనాయిజర్ పెట్టి, శాంపిళ్ల (ఒక్కో బిందువుకు వేసే లెక్కల) సంఖ్య తగ్గిస్తే, పైసా ఖర్చు లేకుండానే ఆ సమయంలో చాలా భాగం తగ్గుతుంది. ఆలస్యం వల్ల చేజారిన పని ఒక్కటైనా ఉన్నట్లు మీరు రాయలేదు. అటువంటిది ఉంటే నా లెక్క మారేది.

ఇక ఆ 34,000 సంగతి. కార్డు స్లాటులో పడితే పని అయిపోదు. 45 వాట్ల ఎం1200కు అమర్చిన హీట్‌సింక్ (వేడిని లాగే లోహపు భాగం) 100 వాట్ల పీ5000కు చాలదు, దానికి వేరే హీట్‌సింక్ కావాలి. చెప్పిన ధరలో అది కలిసి ఉన్నదో లేదో అడగండి. కార్డు మరో కంపెనీ ల్యాప్‌టాప్ నుంచి ఊడదీసినదైతే డ్రైవర్ దానిని గుర్తించక, డ్రైవర్‌లో ఏ కార్డులకు పని చేయాలో రాసి ఉండే ఇన్‌ఫ్ (INF) ఫైలును చేత్తో దిద్దవలసి వస్తుంది. ఆ తరువాత డ్రైవర్ మార్చిన ప్రతిసారీ అదే తంతు. తెర నల్లబడితే రాయగడ నుంచి విశాఖకు రైల్లో వెళ్లి రావడానికి ఒక పూర్తి రోజు పోతుంది. బిల్లు లేని సరుకుకు మాట గ్యారంటీ ఎంతవరకు నిలుస్తుందో నాకు ఒక బ్యాటరీ విషయంలో అనుభవమైంది. పన్నెండో రోజున ఫోను చేస్తే, ఆ దుకాణదారు నా గొంతును కూడా గుర్తుపట్టలేదు.

అంతకంటే పెద్ద అభ్యంతరం యంత్రం వయసు. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది, మీ ఏడవ తరం ప్రాసెసర్ విండోస్ 11 అనుమతించిన జాబితాలో లేదు. పీ5000 ఎన్విడియా కార్డులలో పాస్కల్ అనే పాత తరానికి చెందినది. ఎన్విడియా ఆ తరం కార్డులకు 580 శ్రేణి డ్రైవర్లతోనే కొత్త మెరుగులను ఆపివేసింది. ఇల్లు ఖాళీ చేయబోతున్నామని తెలిసి కూడా ఎవరూ పాలరాయి పరిపించుకోరు కదా.

కొత్త యంత్రాన్ని వాయిదాల మీద కొనడం కూడా ఇప్పుడు మీ ఆదాయానికి సరిపోదు. 16 శాతం వడ్డీ అనుకుంటే వాయిదా నెలకు సుమారు 8,080 రూపాయలు, 24 నెలలకు మొత్తం దాదాపు 1,93,900 అవుతుంది. ఇంటి ఖర్చు, చీటీ పోను మీకు మిగిలేది 7,000 మాత్రమే. వడ్డీ లేని వాయిదా అని చెప్పినా ప్రాసెసింగ్ ఫీజు, క్రెడిట్ కార్డు వాయిదా అయితే వడ్డీ భాగం మీద 18 శాతం జీఎస్టీ ఎక్కడో ఒకచోట పడతాయి. పైగా ఆషాఢంలోనూ మూఢంలోనూ శంకుస్థాపనలు ఉండవు, మీకు ప్లాన్ల పనీ తగ్గుతుంది. బ్యాంకు వాయిదాకు మాత్రం మూఢం లేదు. కంప్యూటర్ మీద 40 శాతం తరుగుదల చూపించి పన్ను తగ్గించుకోవచ్చని ఎవరైనా అంటే ఆ ఆశ కూడా పెట్టుకోకండి. ఏడాదికి మీకు వచ్చేది 4,56,000, కొత్త విధానంలో దానిపై పన్నే లేదు. లేని పన్నులో తగ్గేది ఏముంటుంది?

చీటీని ఇప్పుడు పాడవద్దు. కమీషన్ 5 శాతం అనుకుంటే చివరిదాకా ఆగినవారికి 95,000 వస్తుంది. 13 నెలలు ముందు తీసుకోవడానికి మీరు 19,000 వదులుకుంటున్నారు. అయితే నిర్వాహకులు రిజిస్టరు చేసినవారేనా అని మాత్రం ఈ వారమే విచారించండి. కాకపోతే నా సలహాలో ఈ భాగం తిరగబడుతుంది, నష్టానికైనా సరే త్వరగా బయటపడటమే మేలు.

నేనైతే ఈ నెల సెట్టింగులు మార్చి రెండు వారాలు చూస్తాను. రెండర్ నడుస్తున్నప్పుడు ర్యామ్ పూర్తిగా నిండుతుంటేనే దానిని 32 జీబీ చేయిస్తాను. ఆ యంత్రంలో ర్యామ్‌కు నాలుగు స్లాట్లు ఉన్నాయి, ఆ పని రాయగడలోనే జరుగుతుంది. మిగిలే 7,000లో 3,000 అత్యవసర నిధికి, 4,000 రికరింగ్ డిపాజిట్‌కు వేయండి. 13 నెలలకు ఆ డిపాజిట్‌లో 52,000, చీటీ 95,000, కలిపి 1,47,000 అప్పు లేకుండా చేతిలో ఉంటుంది. పాత యంత్రం అమ్మగా వచ్చేది దానికి కలుస్తుంది. ఇంకా కొంత తక్కువైతే పూచీకత్తు అవసరం లేని ముద్రా రుణం శిశు విభాగంలో 50,000 వరకు బ్యాంకును అడగవచ్చు. ఈలోగా ఎవరైనా తొందరపడి బొమ్మలు అడిగితే సగం డబ్బు ముందే తీసుకోండి. పొలం డబ్బు వచ్చాక ఇస్తామనే పార్టీలు సరిహద్దుకు రెండు వైపులా ఉంటాయి.

బావగారితో కార్డు వద్దని చెప్పడం మొహమాటంగా ఉంటే, బిల్లు, తగిన హీట్‌సింక్, 30 రోజుల్లో వాపసు, ఈ మూడూ రాతపూర్వకంగా ఇచ్చి 12,000 లోపు 6 జీబీ పీ3000 వేస్తారేమో కనుక్కోమని అడగండి. ఆ షరతులకు మెకానిక్ ఒప్పుకుంటే వేయించుకోండి. ఏడాదిపాటు అది చాలు, పోయినా తట్టుకోగల మొత్తమే అది.