పొలం తాకట్టు పెట్టి సముద్రం చదివించాలా?

ప్రశ్న: మాది కనిగిరి దగ్గర పల్లె. అమ్మాయి బైపీసీ. నీట్ రెండుసార్లు రాసినా సీటు రాలేదు. ఇప్పుడు భూగర్భజలాల మీదో, నీళ్లలో బతికే జంతువుల మీదో పరిశోధన చేస్తానంటోంది. మెరైన్ బయాలజీ డిగ్రీకి విదేశం పంపమని, 40 లక్షలు అవుతుందని ఒక కన్సల్టెన్సీ వాళ్లు అంటున్నారు. నీళ్ల జాడ కోసం అరచేతిలో కొబ్బరికాయ పట్టించి వేసిన నాలుగు బోర్లూ ఎండిపోయాయి, ఉన్న పొలం తాకట్టు పెట్టాలి. జియాలజీ మంచిదా, మెరైన్ బయాలజీ మంచిదా? ఆడపిల్ల కొండలు, వాగులు తిరిగే ఉద్యోగం చేయగలదా?

జవాబు: ఈ ఉత్తరం నాకు కొత్త కాదండీ. ఊరు మారుతుంది, కోర్సు మారుతుంది, అడుగున ఉన్న భయం ఒకటే. రెండేళ్లు పోయాయి, తోటి పిల్లలు ముందుకెళ్లిపోయారు, ఇప్పుడు ఏదో ఒక పెద్ద పేరు చెప్పుకోకపోతే చుట్టాల్లో తలెత్తుకోలేం. ముందు ఈ లెక్క తేల్చుకుందాం. మీ అమ్మాయి ఇప్పుడు డిగ్రీలో చేరితే పాతిక, ఇరవై ఆరేళ్లకు పీజీ చేతికొస్తుంది. జియాలజీ చదివినవాళ్లను కేంద్ర ఉద్యోగాలకు తీసుకునే యూపీఎస్‌సీ కంబైన్డ్ జియో సైంటిస్ట్ పరీక్షకు వయసు 32 దాకా ఉంది. నీట్ కోసం చదివిన కెమిస్ట్రీ, జువాలజీ ఎక్కడికీ పోలేదు. ఆలస్యమైపోయిందన్న మాట ఆ పిల్ల ముందు మళ్లీ అనకండి.

ఇక పోలిక. జియాలజీలో పీజీ చేసినవాళ్లకు ఆ ఒక్క పరీక్షతో రెండు తలుపులు తెరుచుకుంటాయి: జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా, కేంద్ర భూగర్భజల బోర్డు. రెండింట్లోనూ గ్రూప్ ఏ ఉద్యోగమే, మూలవేతనం 56,100. పోస్టులు ఏటా ఒకేలా రావు, పోటీ గట్టిదే. అది కాక రాష్ట్ర భూగర్భజల శాఖలు, గనుల కంపెనీలు ఉన్నాయి. పరిశోధనే కావాలంటే హైదరాబాద్‌లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఎన్‌జీఆర్‌ఐ ఉంది. బైపీసీ పిల్లలకు జియాలజీ ఇస్తారో లేదో కాలేజీని బట్టి ఉంటుంది, ఆప్షన్లు పెట్టకముందే అడగండి. జియోఫిజిక్స్‌కైతే లెక్కలు, ఫిజిక్స్ కావాలి, అది ఆమెకు కష్టం.

జలచరాల వైపు ఉద్యోగాలు తక్కువ, ఓపిక ఎక్కువ కావాలి. చాలావరకు ప్రాజెక్టు పోస్టులే, ఒకటి ముగిశాక ఇంకొకటి వెతుక్కోవాలి. నెట్ అనే జాతీయ అర్హత పరీక్షలో జేఆర్‌ఎఫ్ (పరిశోధన చేసేవాళ్లకిచ్చే ఫెలోషిప్) వస్తే నెలకు 37,000, తర్వాత 42,000 ఉంటుంది. ఇంకో సంగతి, ఫిషరీస్ డిగ్రీ వేరు, జలచరాల మీద పరిశోధన వేరు. ముత్తుకూరు కాలేజీలో చదివితే చేప, రొయ్య పెంచడం నేర్పుతారు, ఆక్వా కంపెనీల్లో ఉద్యోగం త్వరగా దొరుకుతుంది. కోరింగ మడ అడవుల్లో నీటికుక్కలు ఎన్ని మిగిలాయో లెక్కపెట్టడం ఇంకో బతుకు. ఆమెకు ఏది కావాలో మీరు అడిగారా? ఉత్తరంలో ఆ ముక్క ఎక్కడా కనిపించలేదు.

విదేశీ మెరైన్ బయాలజీ సంగతి కాస్త ఎక్కువే చెబుతాను, ఏమనుకోకండి. డాల్ఫిన్ల బొమ్మలున్న బ్రోషర్ చూపించి పంపేవాళ్లలో చాలామందికి కాలేజీ నుంచి కమీషన్ వస్తుంది. అక్కడ చదివేది చాలావరకు అక్కడి చల్లని సముద్రాల సంగతి. చదువయ్యాక అక్కడి ప్రభుత్వ సంస్థల్లో చేరాలంటే చాలాచోట్ల ఆ దేశ పౌరసత్వం అడుగుతారు. వెనక్కి వస్తే మళ్లీ ఇక్కడి నెట్టే రాయాలి. విదేశం అసలు వద్దని కాదు. అమెరికాలో, జర్మనీలో సైన్స్ పీహెచ్‌డీ విద్యార్థులకు సాధారణంగా వాళ్లే జీతమో స్టైపెండో ఇస్తారు. ఇక్కడ మంచి పీజీ చేసి, ఒకటి రెండు పరిశోధన పత్రాలతో అప్పుడు వెళ్తే మీ పొలం జోలికి పోనక్కర్లేదు. డిగ్రీ పిల్లకు 40 లక్షలు పెట్టడం నాకు చదువులా కనబడటం లేదు, పరువు కోసం చేసే పెళ్లిఖర్చులా ఉంది.

నీటి పరిశోధనకు ఆమె సముద్రం దాకా కూడా వెళ్లనక్కర్లేదు. మన దేశంలో ఫ్లోరోసిస్‌ను, అంటే నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బును, మొదట గుర్తించి రాసింది 1937లో, అప్పటి నెల్లూరు జిల్లా నుంచే. మీ కనిగిరి ఆ రోజుల్లో నెల్లూరు జిల్లాలోదే. రాళ్లలోని ఖనిజాల నుంచి ఫ్లోరైడ్ నీళ్లలోకి ఎలా దిగుతుంది, పక్కపక్క బోర్లలోనే ఒకదానిలో తాగేనీటి హద్దు అయిన లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటి ఇంకోదానిలో ఎందుకు దాటదు అన్నది జియాలజీ, కెమిస్ట్రీ కలిసిన పని. మీ బోర్ల మాటా అంతే. నాలుగు ఇనుప కడ్డీలు వరసగా నేలలో దిగ్గొట్టి, బయటి రెండింటి గుండా కరెంటు పంపి, లోపలి రెండింటి మధ్య వోల్టేజి చూస్తారు. కడ్డీల ఎడం పెంచేకొద్దీ లోతు సంగతి తెలుస్తుంది. నీళ్లున్న పగుళ్ల రాయి కరెంటును తేలిగ్గా పోనిస్తుంది, గట్టి రాయి అడ్డుకుంటుంది. బంకమట్టి, ఉప్పునీళ్లు కూడా నీళ్లున్న రాయిలాగే కనబడి మోసం చేస్తాయి, అందుకే చదువుకున్న మనిషి కావాలి. నాలుగుసార్లు కొబ్బరికాయను నమ్మినవారు, ఒక్కసారి కూతురి మాట నమ్మితే తప్పేముందండీ?

ఆడపిల్ల తిరగగలదా అన్నారు. 1983లో బయల్దేరిన అంటార్కిటికా యాత్రలో మన దేశం నుంచి మొదటిసారి ఇద్దరు మహిళలు వెళ్లారు. సుదీప్తా సేన్‌గుప్తా జియాలజిస్టు, అదితి పంత్ సముద్ర శాస్త్రవేత్త. మీరు అడిగిన రెండు దారులవాళ్లూ అందులోనే ఉన్నారు. ఇప్పుడు ఫీల్డుకు బృందంగానే వెళ్తారు, చాలాసార్లు ఆఫీసు జీపు ఉంటుంది. ఎండ, దోమలు, ఫోన్ సిగ్నల్ లేని ఊళ్లు మాత్రం తప్పవు. అవి ఆమెకు ముందే చెప్పండి.

ఏది మంచిదని నన్నే తేల్చమంటే, మీ ఇంటి పరిస్థితికి జియాలజీ డిగ్రీ అంటాను. జంతువుల మీద ఇష్టం గట్టిదైతే జువాలజీలో చేరి, పీజీకి డెహ్రాడూన్‌లోని వైల్డ్‌లైఫ్ ఇన్‌స్టిట్యూట్‌కు ప్రయత్నించవచ్చు. రెండూ కలిసే చోట్లూ ఉన్నాయి. కొల్లేరులో పక్షులెందుకు తగ్గాయో చెప్పాలంటే అందులో కలిసే బుడమేరు, తమ్మిలేరు ఏం తెస్తున్నాయో కూడా తెలియాలి కదా. ఆప్షన్లు పెట్టేలోపు అమ్మాయిని హైదరాబాద్ తీసుకెళ్లండి. ఎన్‌జీఆర్‌ఐ, మంచినీటి జీవుల మీద పనిచేసే జువలాజికల్ సర్వే కేంద్రం రెండూ అక్కడే ఉన్నాయి. ముందే మెయిల్ పెట్టి, పీహెచ్‌డీ చేస్తున్న పిల్లలతో ఒక గంట మాట్లాడనివ్వండి. మీరు బయట కూర్చోండి. కన్సల్టెన్సీకి అడ్వాన్స్ కట్టి ఉంటే రసీదు చూసుకుని, వాపసు గడువు దాటకముందే అడగండి.