ఉత్తేజిత అణువులను ప్రయోగశాలలో కొలవడం ఎందుకు?

ప్రశ్న: నక్షత్రాల మధ్య ఉన్న అణువులను రేడియో దూరదర్శినులే పట్టుకుంటున్నప్పుడు, అవే అణువులను ప్రయోగశాలలో వేడిచేసి మరీ కొలవవలసిన అవసరం ఏమిటి?
– ఒక పాఠకురాలు, ఖమ్మం

జవాబు: దూరదర్శినికి అందేది పౌనఃపున్యం ఒక్కటే, అది ఏ అణువుదో, ఆ అణువు ఏ స్థితిలో ఉందో తేల్చుకోవడానికి సరిపోల్చే కొలత మన దగ్గర ముందే ఉండాలి. 1974లో స్నైడర్, బూల్ అనే అమెరికన్ శాస్త్రవేత్తలు ఓరియన్ నీహారిక దిక్కున 86.24 గిగాహెర్ట్జ్ దగ్గర చాలా బలమైన ఉద్గారం కనబడిందని ప్రకటించినప్పుడు, దాన్ని గుర్తుతెలియని అణువుదనే రాశారు. మామూలు స్థితిలో ఉన్న సిలికాన్ మోనాక్సైడ్ రేఖ (అణువు తరంగాలను వెలువరించే లేదా శోషించే నిర్దిష్ట పౌనఃపున్యం) ఒకటి 86.85 గిగాహెర్ట్జ్ దగ్గర ఉంది. తేడా ఒక శాతం కూడా లేదు గదా అనిపిస్తుంది గానీ, దాన్ని డాప్లర్ ప్రభావం (మూలం కదలిక వల్ల పౌనఃపున్యం మారడం) ఖాతాలో వేస్తే ఆ వాయువు సెకనుకు రెండు వేల కిలోమీటర్ల వేగంతో మన నుంచి దూరంగా పోతూ ఉండాలి. ఓరియన్‌లో అది పొసగని మాట. నిజానికి అది సిలికాన్ మోనాక్సైడే, కాకపోతే కంపిస్తున్న ఉత్తేజిత స్థితిలోది, అంటే అదనపు శక్తి అంది బంధం ఊగుతున్నది. అదే స్థితికి చెందిన మరో రేఖ 129.36 గిగాహెర్ట్జ్ దగ్గర దొరకడంతో ఆ గుర్తింపు ఖాయమైంది.

కంపించే అణువులో బంధం సగటున కాస్త సాగుతుంది, జడత్వ భ్రామకం (తిరగడానికి అణువు చూపే నిరోధం) పెరుగుతుంది, దాంతో భ్రమణ రేఖ (అణువు గిరగిరా తిరగడం వల్ల వచ్చే రేఖ) కిందికి, అంటే తక్కువ పౌనఃపున్యం వైపు జరుగుతుంది. ఇదే సూత్రాన్ని అన్నిటికీ వర్తింపజేద్దామంటే కుదరదు. నిటారు గొలుసులా ఉండే సయనో ఎసిటిలీన్ వంగుతూ కంపించినప్పుడు రేఖ పైకి జరుగుతుంది, పైగా రెండుగా చీలుతుంది: మామూలు స్థితిలో 90.98 దగ్గర ఉన్నది, ఆ అణువు అతి తక్కువ శక్తితో వంగే కంపనంలో 91.20, 91.33 గిగాహెర్ట్జ్‌ల దగ్గర కనబడుతుంది. అందుకే ఒక్కో కంపన స్థితినీ విడివిడిగా కొలవవలసి వస్తుంది.

ఆ కొలత సులువేమీ కాదు. గది ఉష్ణోగ్రత దగ్గర సిలికాన్ మోనాక్సైడ్ అణువుల్లో వెయ్యికి రెండు మూడు మాత్రమే ఆ కంపన స్థితిలో ఉంటాయి. అసలు ఆ ఉష్ణోగ్రతలో అది వాయువుగా నిలవనే నిలవదు. కాబట్టి కొలిమిలోనో, విద్యుత్ ఉత్సర్గంలోనో (వాయువు గుండా విద్యుత్తును పంపడం) దాన్ని అప్పటికప్పుడు పుట్టించి, గాలి దాదాపుగా తీసేసిన గొట్టంలో మిల్లీమీటరు తరంగాలను పంపి, ఏ పౌనఃపున్యం దగ్గర శోషణ జరుగుతుందో చూస్తారు. ఈ పౌనఃపున్యాల దగ్గర ఒక్క మెగాహెర్ట్జ్ పొరపాటు జరిగినా వాయువు వేగం లెక్క సెకనుకు మూడున్నర కిలోమీటర్లు తప్పుతుంది. ఓరియన్ వంటి చోట్ల రేఖలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ ఉంటాయి కనుక, అంత తేడా వస్తే పక్క అణువు రేఖను దీనిదిగా పొరబడవచ్చు.