ఎడమ చేతిది నడక, కుడి చేతిది జవాబు

బ్లూస్ (అమెరికా నల్లజాతివాళ్ళ పాట పద్ధతి) పియానో వాద్యకారుడు, గాయకుడు పైన్‌టాప్ పెర్కిన్స్ గురించి కిందటి సంచికలో చిన్న పరిచయం వేశాం. దాని మీద ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నింటికి ఈ నెల జవాబులు ఇస్తున్నాం. ఆయన జీవితం గురించి అడిగినవాళ్ళ కన్నా, ఆ వాయింపు మన చేతికి ఎలా వస్తుందని అడిగినవాళ్ళే ఎక్కువ. అందుకే జవాబుల్లోనూ ఆ పాలే ఎక్కువ.

ప్ర: పెర్కిన్స్ పుట్టింది 1913లో అని రాశారు. పైన్‌టాప్ పేరుతో ఉన్న బూగీవూగీ రికార్డు 1928 నాటిదన్నారు. పదిహేనేళ్ళకే రికార్డు ఇచ్చారా, లేక అచ్చుతప్పా? (నల్లగొండ)

జ: రెండు తేదీలూ సరైనవే. మనుషులే వేరు. (బూగీవూగీ అంటే ఎడమ చేయి ఒకే నడకను తిప్పి తిప్పి కొట్టే పియానో వాయింపు.) 1928 డిసెంబరు 29న షికాగోలో ఆ రికార్డు ఇచ్చినవాడు క్లారెన్స్ ‘పైన్‌టాప్’ స్మిత్. పియానో వాయిస్తూనే, ఎప్పుడు ఆగాలో ఎప్పుడు ఆడాలో నృత్యం చేసేవాళ్ళకు మాటల్లో చెబుతూ పోతాడు. మూడు నెలలు తిరక్కుండానే, 1929 మార్చిలో, ఒక డాన్సు హాలు గొడవలో తుపాకీ గుండు తగిలి 24 ఏళ్ళకే చనిపోయాడు.

మన పెర్కిన్స్ అసలు పేరు జో విల్లీ పెర్కిన్స్. 1913 జులై 7న మిసిసిపి రాష్ట్రంలోని బెల్జోనీలో పుట్టారు. స్మిత్ పాటను అంతగా వాయించడంతో ఆ పేరు ఈయనకు అంటుకుంది. 1953లో మెంఫిస్‌లోని సన్ స్టూడియోలో ఈయనా అదే పాట రికార్డు చేశారు. వెతికేటప్పుడు ఇంటిపేరు కూడా కలిపి వెతకండి, లేకపోతే ఒకరి బదులు ఇంకొకరు దొరుకుతారు.

ప్ర: అంత గొప్పవాడైతే సొంత ఆల్బం రావడానికి డెబ్బై అయిదేళ్ళ వయసు దాకా ఎందుకు ఆగాల్సి వచ్చింది? (సూర్యాపేట)

జ: ఆయన బతుకంతా పక్కవాద్యమే కాబట్టి. మొదట్లో గిటారు కూడా వాయించేవారు. ఆర్కన్సా రాష్ట్రం హెలీనాలో ఒక నాట్యగత్తె కత్తితో పొడవడంతో ఎడమ చేయి బాగా దెబ్బతింది. గిటారు పట్టు పోయింది, పియానో మిగిలింది. అదే ఊళ్ళో 1941లో మొదలైన ‘కింగ్ బిస్కెట్ టైమ్’ అనే రేడియో కార్యక్రమంలో మౌత్ ఆర్గాన్ వాద్యకారుడు సనీ బాయ్ విలియమ్సన్ పక్కన వాయించారు. అంతకుముందు గిటారిస్టు రాబర్ట్ నైట్‌హాక్ దగ్గర, ఆ తర్వాత మరో గిటారిస్టు ఎర్ల్ హూకర్ దగ్గర పనిచేశారు. క్లార్క్స్‌డేల్‌లో ఐక్ టర్నర్‌కు పియానో నేర్పిందీ ఈయనే. 1969లో షికాగో బ్లూస్ గాయకుడు మడ్డీ వాటర్స్ బృందం నుంచి పియానో వాద్యకారుడు ఓటిస్ స్పాన్ వెళ్ళిపోయాక ఆ పియానో ముందు కూర్చుని, 1980 దాకా లేవలేదు. తర్వాత తోటివాళ్ళతో కలిసి లెజెండరీ బ్లూస్ బ్యాండ్ పెట్టారు. అమెరికాలో తన పేరు మీద మొదటి ఆల్బం వచ్చింది 1988లో. 2011 ఫిబ్రవరిలో, 97 ఏళ్ళ వయసులో, డ్రమ్మర్ విల్లీ ‘బిగ్ ఐస్’ స్మిత్‌తో కలిసి గ్రామీ అందుకున్నారు. అప్పటికి గ్రామీ గెలిచినవాళ్ళందరిలోనూ పెద్ద వయసు ఆయనదే. మార్చి 21న ఆస్టిన్‌లో కన్నుమూశారు.

ఆలస్యానికి కారణం ఏదైనా, ఆయనలో జనానికి నచ్చింది మాత్రం ఆ పక్కవాద్యపు గుణమేనని మా అభిప్రాయం. బాస్ గిటారు, రెండు గిటార్లు, మౌత్ ఆర్గాన్, డ్రమ్ములు ఉన్న బృందంలో పియానో ఎడమ చేయి గట్టిగా మోగితే కింది స్వరాలన్నీ బురదవుతాయి. అక్కడ పియానో బతకాల్సింది పై సగంలో. అదీ గాయకుడు ఊపిరి పీల్చుకునే సందుల్లో. 1977లో వచ్చిన మడ్డీ వాటర్స్ ఆల్బం ‘హార్డ్ అగైన్’ పెట్టుకుని, గొంతును పక్కన పెట్టి పియానోను మాత్రమే వెంబడించి చూడండి. ఎక్కడ వాయించారన్నది ఒక పాఠం, ఎక్కడ వాయించలేదన్నది అంతకన్నా పెద్ద పాఠం. పాడేటప్పుడూ అంతే. గొంతు పెద్దది కాదు, మాట్లాడుతున్నట్టు పాడతారు.

ప్ర: చర్చిలో 61 మెట్ల కీబోర్డు వాయిస్తాను. ఎడమ చేత్తో బూగీ మొదలుపెడితే రెండు నిమిషాల్లో ముంజేయి పట్టేస్తోంది, వేగం కూడా పెరిగిపోతోంది. ఎక్కడ తప్పు? (మిర్యాలగూడ)

జ: ముందు కీబోర్డు సంగతి. ఆటో అకంపనిమెంట్ (కీబోర్డే వెనక వాద్యాలు వాయించే సౌకర్యం) ఆపేయండి. అది నడుస్తుంటే ఎడమ వైపు మెట్లను కార్డు (కలిపి మోగించే స్వరాల గుంపు) గుర్తించడానికి వాడుకుంటుంది, మీరు కొట్టిన స్వరం మీరు కొట్టినట్టు వినపడదు. టచ్ రెస్పాన్స్ (గట్టిగా కొడితే గట్టిగా, మెల్లగా కొడితే మెల్లగా మోగే సౌకర్యం) ఆన్‌లో ఉండాలి. సస్టెయిన్ పెడల్ మీద కాలు పెట్టకండి. స్వరాలు ఒకదాని మీద ఒకటి పేరుకుంటే నడక మాయమవుతుంది.

మొదటి పాఠానికి ‘సి’ స్కేలు తీసుకోండి. ఎడమ నుంచి రెండో ‘సి’ మీద చిటికెన వేలు, దాని పై ‘జి’ మీద చూపుడు వేలు, ‘ఎ’ మీద బొటనవేలు. మొదటి దెబ్బకు సి–జి కలిపి రెండుసార్లు, రెండో దెబ్బకు సి–ఎ కలిపి రెండుసార్లు, మూడో దెబ్బకు మళ్ళీ సి–జి, నాలుగో దెబ్బకు సి–ఎ. ఇది ఒక బార్. ‘ఎఫ్’కు వెళ్ళినప్పుడు చేయి కిందికి జరిపి ఎఫ్–సి, ఎఫ్–డి. ‘జి’కి జి–డి, జి–ఇ. మూడింటికీ అవే వేళ్ళు, అన్నీ తెల్ల మెట్లే.

దెబ్బకు రెండుసార్లు అన్నాం కదా, ఆ రెండూ సమానం కాదు. ప్రతి దెబ్బనూ ‘తకిట’ అనుకోండి. ‘త’ మీద ఒకటి, ‘ట’ మీద ఒకటి, ‘కి’ మౌనం. చతురశ్ర తాళంలో తిశ్ర నడక అన్నమాట. సమానంగా కొడితే అది కుట్టుమిషన్ అవుతుంది, బ్లూస్ కాదు.

పన్నెండు బార్ల వరస ఇది: నాలుగు బార్లు సి, రెండు ఎఫ్, రెండు సి, ఒకటి జి, ఒకటి ఎఫ్, రెండు సి. చివరి బార్ రెండో సగంలో జి కొడితే మళ్ళీ మొదటికి తలుపు తెరుచుకుంటుంది. కుడి చేతి కార్డులన్నీ సెవెంత్‌లే, అంటే మామూలు మేజర్ కార్డుకు ఇంకో స్వరం కలిపినవి: సి సెవెంత్‌లో బి ఫ్లాట్ (‘బి’కి కింది నల్ల మెట్టు), ఎఫ్ సెవెంత్‌లో ఇ ఫ్లాట్, జి సెవెంత్‌లో ఎఫ్ తప్పనిసరి. కీర్తనల అలవాటుతో మామూలు మేజర్ కార్డులు వేస్తే పాట పండుగ పాటలా ఉంటుంది.

ఇక నొప్పి. మణికట్టు బిగించి ముంజేయి మొత్తంతో కొడుతున్నందువల్లే వస్తుంది. మణికట్టు మెట్ల ఎత్తులోనే ఉండాలి, వేళ్ళు మెట్టు మీద నుంచి అర అంగుళం కన్నా పైకి లేవకూడదు. మెట్రోనోమ్ (వేగం చూపే గడియారం లాంటిది) నిమిషానికి 80 దెబ్బల దగ్గర పెట్టి, ఎడమ చేయి ఒక్కటే ఆ పన్నెండు బార్లను వరుసగా పది చుట్లు తిప్పండి. 80లో ఒక చుట్టుకు 36 సెకన్లు, అంటే ఆరు నిమిషాల పని. నొప్పి వస్తే ఆపేసి, మరుసటి రోజు 70 దగ్గర మొదలుపెట్టండి. నొప్పిని ఓర్చుకుని వాయించడం సాధన కాదు.

వేగం పెరిగేది దాదాపు ఎప్పుడూ నాలుగో బార్ చివర, ఎఫ్‌కు దూకే చోట. చేయి అందదేమోనన్న తొందరలో ముందే కొట్టేస్తారు. నాలుగో బార్‌లో ఆఖరి ‘ట’ను పొట్టిగా కొట్టి వదిలేస్తే చేతికి జరగడానికి సమయం దొరుకుతుంది. ఆ ఒక్క దూకుడునే, మూడో బార్ నుంచి ఐదో బార్ దాకా, విడిగా తిప్పండి. ఇంకొకటి: చప్పట్లు ఒకటి, మూడు మీద కాదు, రెండు, నాలుగు మీద పడాలి. కుడి చేయి ఇదంతా కుదిరాకే.

ప్ర: భజనలకు హార్మోనియం వాయిస్తాను. బ్లూస్ హార్మోనియం మీద పలుకుతుందా? దానికి దగ్గరి రాగం ఏది? (వనపర్తి)

జ: శుద్ధ ధన్యాసి రాగం మీకు వచ్చి ఉంటే ముప్పాతిక దారి వచ్చినట్టే. స, సాధారణ గాంధారం, శుద్ధ మధ్యమం, ప, కైశికి నిషాదం. వీటికి శుద్ధ మధ్యమం నుంచి పంచమానికి పోయే దారిలో ‘ప్రతి మధ్యమం’ అనే స్వరాన్ని (శుద్ధ మధ్యమానికి పై మెట్టు) తాకి వదిలితే బ్లూస్ స్కేలు. కానీ రాగం అక్కడితో ఆగుతుంది, బ్లూస్ అక్కడ మొదలవుతుంది. కింద ఎడమ చేతి కార్డు అంతర గాంధారాన్ని పట్టుకుని ఉంటే, పైన కుడి చేయి సాధారణ గాంధారం పలుకుతుంది. మన పద్ధతిలో దోషమనిపించే ఆ రాపిడే ఇక్కడ అసలు సారం. బ్లూస్ గాయకులు ఆ రెండింటి మధ్య ఎక్కడో గాంధారం నిలుపుతారు. పియానోలో ఆ మెట్టు లేదు. ‘సి’ని షడ్జమం అనుకుంటే సాధారణ గాంధారం ఇ ఫ్లాట్, అంతర గాంధారం ‘ఇ’. అందుకని ఇ ఫ్లాట్ నల్ల మెట్టు మీద నుంచి వేలిని ‘ఇ’ మీదికి జారుస్తారు. సి, ఎఫ్, జి మూడు కార్డుల్లోనూ ఈ జారుడు నల్ల మెట్టు మీద నుంచి తెల్ల మెట్టు మీదికే పడుతుంది. అందుకే మిర్యాలగూడ పాఠకుడికి ‘సి’ చెప్పాం.

హార్మోనియంలో ఇబ్బందులు రెండు. ఒక చేయి తిత్తికి పోతుంది, కాబట్టి ఎడమ చేతి నడక ఇంకెవరైనా ఇవ్వాలి. డోలక్ ఇచ్చినా చాలు. నాటకాల్లో వాడే, కాలితో తొక్కే హార్మోనియం అయితే ఆ ఇబ్బంది లేదు. రెండోది, పియానో తీగ కొట్టగానే మోగి తగ్గిపోతుంది, రీడు మాత్రం గాలి ఉన్నంతసేపూ ఒకే తీరున మోగుతుంది. రెండు గాంధారాలనూ కలిపి పట్టుకుంటే చెవిలో గీకినట్టే. సాధారణాన్ని రెప్పపాటు తాకి, వెంటనే వదిలి, అంతరం మీద నిలవండి.

అన్నిటికన్నా పెద్ద మార్పు అలవాటులో రావాలి. భజనలో హార్మోనియం గాయకుడి వెంట స్వరం స్వరం నడుస్తుంది. ఇక్కడ అలా నడిస్తే పాట చచ్చిపోతుంది. ఆయన పాడినంతసేపూ కార్డు మాత్రమే, ఆయన ఆగాకే మీ మాట.

ప్ర: పన్నెండు మెట్ల కిన్నెరకూ పన్నెండు బార్ల బ్లూస్‌కూ ఏమైనా సంబంధం ఉందా? (అచ్చంపేట)

జ: లేదు. కిన్నెర మెట్లు స్వరాల స్థానాలు, బార్లు కాలం కొలతలు.

ప్ర: తెలుగులో బ్లూస్ రాయవచ్చా? మా పాలమూరు వలసల మీద రాయాలని ఉంది. (మహబూబ్‌నగర్)

జ: రాయవచ్చు. మిసిసిపి పత్తిచేల నుంచి రైలెక్కి షికాగో చేరినవాళ్ళ పాట అది, మీ వస్తువు దానికి దూరమేమీ కాదు. కొలత మాత్రం తప్పకూడదు. మూడు పాదాలు, ఒక్కో పాదానికి నాలుగు బార్లు, అంటే పదహారు దెబ్బలు. రెండో పాదం మొదటిదే మళ్ళీ వస్తుంది, మూడోది దానికి జవాబు చెబుతూ అంత్యప్రాస కలుపుతుంది. నమూనాకు ఒకటి మేమే కట్టాం:

బోరు ఎండింది, బొంబాయి బస్సెక్కిన్నే అవ్వా
అవునే, బోరు ఎండింది, బొంబాయి బస్సెక్కిన్నే అవ్వా
వాన కబురు జెప్తవని ఫోను పట్టుకోని కూసున్నే అవ్వా

మాటలు తొమ్మిదో దెబ్బకల్లా అయిపోవాలి. మిగిలిన ఏడు దెబ్బలు పియానోవి. తెలుగులో రాసేవాళ్ళు పొరబడేది ఇక్కడే, పదహారు దెబ్బలూ మాటలతో నింపేస్తారు. రెండో పాదం వృథా అనుకుని మార్చేయకండి. మొదటిసారి సి మీద పాడిన మాటే రెండోసారి ఎఫ్ మీద పడినప్పుడు రంగు మారుతుంది, విన్నవాడు మూడో పాదం కోసం చెవి ఒగ్గుతాడు. మూడో పాదంలో కొత్త సంగతి లేకపోతే మాత్రం ఆ ఎదురుచూపు నీరుగారిపోతుంది. గ్రాంథికం వద్దు, శోకాలు వద్దు. బస్సు, బోరు, ఫోను చాలు.

ప్ర: మా బడిలో మూలన పడ్డ పాత నిటారు పియానో ఉంది. కొన్ని మెట్లు లేవడం లేదు, శ్రుతి బాగా దిగిపోయింది. బాగు చేయించవచ్చా? (దేవరకొండ)

జ: చూడకుండా చెప్పలేం కానీ, చూడాల్సినవి చెబుతాం. పై మూత, ముందు పలక తీసి టార్చి వేయండి. ఎలుకలు ఫెల్టు (మెత్తటి ఉన్ని గుడ్డ) కొరికాయా, తీగలను కొట్టే సుత్తులకు పురుగు పట్టిందా, వెనక సౌండ్‌బోర్డు (మోతను పెంచే చెక్క పలక) చీలిందా, కింది చట్రానికి చెదలు ఉన్నాయా? చెదలు చట్రం లోపలికి పోయి ఉంటే ఖర్చు పెట్టకండి. దాదాపు 230 తీగలు కలిసి 15 నుంచి 20 టన్నుల బిగువుతో లాగుతుంటాయి, పుచ్చిన చెక్క ఆ లాగుడు ఆపలేదు.

లేవని మెట్లు చాలావరకు చిన్న జబ్బే. సందుల్లో పడ్డ పెన్సిలు ముక్కలు, నాణేలు, లేదా వానాకాలపు చెమ్మకు ఉబ్బిన ఫెల్టు, చెక్క. కొబ్బరినూనె, కిరోసిన్, స్ప్రేలు ఏవీ వేయకండి. మెట్లలో వేస్తే ఫెల్టు ఇంకా ఉబ్బుతుంది. శ్రుతి మేకుల (తీగలు చుట్టి బిగించే మేకులు) దగ్గర పడితే చెక్క వాటిని పట్టుకోదు, ఆ తర్వాత ఎంత బిగించినా తీగ జారిపోతుంది.

శ్రుతి అర స్వరం దాకా దిగి ఉంటే ఒక్కరోజులో 440కి (అందరూ పాటించే ప్రామాణిక శ్రుతికి) తెమ్మని ట్యూనర్‌ను బలవంతపెట్టవద్దు. తుప్పు పట్టిన తీగలు తెగుతాయి, తెగనివి వారంలో మళ్ళీ దిగుతాయి. మొదటిసారి ఉజ్జాయింపుగా ఎక్కించి, కొన్ని వారాలు వదిలి, రెండోసారి సరిచేయాలి. మేకుల పట్టు సరిగా లేదని ఆయన అంటే, అర స్వరం తక్కువలోనే ఉంచి తీగల మధ్య పొందిక మాత్రం కుదర్చమనండి. పిల్లలు ఒంటరిగా సాధన చేసుకోవడానికి అది సరిపోతుంది.

మన ఎండలకు చెక్క ముడుచుకుని శ్రుతి దిగుతుంది, వానలకు ఉబ్బి పెరుగుతుంది. ఎండ తగిలే గోడకు, కిటికీకి, కూలర్ గాలికి దూరంగా లోపలి గోడ వైపు జరపండి, గోడకు జానెడు సందు వదలండి. వానలు పూర్తిగా వెనకపట్టాక, దీపావళి దాటిన తర్వాత శ్రుతి చేయించండి, ఏటా అదే నెలలో చేయించండి.