గిలటిన్ పడుతోంది, ట్యాప్ రావట్లేదు: సమాధానం

జియు-జిట్సులో గిలటిన్ (పార్ట్‌నర్ తలను చంకలో ఇరికించి ముంజేత్తో గొంతు బిగించే పట్టు) పడుతున్నా అతను ట్యాప్ (ఓటమి ఒప్పుకుంటూ చేత్తో తట్టడం) చేయట్లేదా? మీ ముంజేయి గొంతు కిందికి చేరట్లేదు, దవడ మీదే ఆగిపోతోంది. గార్డ్ మూసి (కాళ్లతో అతని నడుమును చుట్టి) ఎంత లాగినా పార్ట్‌నర్ ట్యాప్ చేయకపోవడానికి, మీ చేతులే ముందు అలిసిపోవడానికి కారణం అదే.

1. పార్ట్‌నర్ తల మీ చంకలోకి రాగానే వెనక్కి పడిపోకండి. దాదాపు అందరూ వదిలేసే స్టెప్ ఇదే: ముందు గ్యాప్ మూయాలి. బొటనవేలి వైపు మణికట్టు ఎముకను గడ్డం కిందుగా జార్చి, ఆ చేతిని మీ ఛాతీ మధ్యకు తెచ్చుకోండి. మీ ఛాతీ అతని తల వెనక భాగాన్ని గట్టిగా నొక్కాలి. గొంతుకీ ముంజేతికీ మధ్య వేలు దూరే సందు కూడా ఉండకూడదు.

2. ఇప్పుడు రెండో చేత్తో లాక్ చేసి కూర్చోండి.

3. కాళ్లతో అతని నడుమును దూరంగా తోస్తూ, మణికట్టును పైకి ఎత్తండి. బలమంతా నడుము, ఛాతీ నుంచే రావాలి.

అతను తన తల ఉన్న వైపుకి వ్యతిరేక దిశలో గార్డ్ దాటేస్తే (మీ కాళ్ల పట్టు తప్పించుకుని పక్కకి వచ్చేస్తే) వెంటనే పట్టు వదిలేయండి, దయచేసి. మొండిగా పట్టుకుంటే అతని భుజం మీ మెడ మీదికొచ్చి మీకే వాన్ ఫ్లూ చోక్ (భుజంతో మెడను నొక్కే పట్టు) పడుతుంది.

ప్రాక్టీస్‌లో నెమ్మదిగా బిగించండి, ట్యాప్ తగలగానే వదలండి.