ఫెలొనీ అంటే నాన్-బెయిలబుల్ నేరమేనా?

అమెరికా కోర్టు కాగితంలోని 'ఫెలొనీ'ని నాన్-బెయిలబుల్ నేరం అని తెలుగు చేయొచ్చా అని అడిగారు. వద్దండి. బెయిలు సంగతి వేరు. ఫెలొనీ తేలేది శిక్షను బట్టి. అక్కడి ఫెడరల్ చట్టంలో ఏడాదికి మించి జైలు పడగల నేరం ఫెలొనీ. కోర్టు వేసిన శిక్ష కాదు, చట్టం ప్రకారం పడగల గరిష్ఠ శిక్ష చూడాలి, పొరబడేది ఇక్కడే. కొన్ని రాష్ట్రాల లెక్క వేరు.

మాట పాత ఫ్రెంచి నుంచి వచ్చింది, అందులో ద్రోహం అనే అర్థం ఉంది. మధ్యయుగపు ఇంగ్లండులో ఫెలొనీ రుజువైతే ప్రాణంతో పాటు భూమీ సొత్తూ పోయేవి. ఆ జప్తును 1870లో తీసేశారు. ఫెలొనీ, మిస్‌డెమీనర్ (అంతకంటే చిన్న నేరం) తేడానే ఇంగ్లండులో 1967లో ఎత్తేశారు. మన భారతీయ న్యాయ సంహితలో ఇలాంటి వర్గమే లేదు. అందుకే 'ఫెలొనీ' అనే ఉంచి, పక్కన 'ఏడాదికి మించి జైలుశిక్ష పడగల నేరం' అని రాయండి.