పాత కారులో గ్లవ్ బాక్స్ తాళం మార్చడం ఎలా?

ప్రశ్న: మా కారు కొని ఇరవై ఏళ్లు దాటింది. డ్యాష్‌బోర్డులోని గ్లవ్ బాక్స్ తాళం కొంతకాలంగా మొరాయిస్తోంది. తాళంచెవి ఒక్కోసారి సగం తిరిగి ఆగిపోతుంది, ఒక్కోసారి పూర్తిగా తిరిగినా మూత మాత్రం తెరుచుకోదు. కొత్త సిలిండర్ (తాళంలో చెవి దూరి తిరిగే భాగం) తెప్పించాను కానీ, పాతదాన్ని పట్టి ఉంచే స్క్రూ గానీ నట్టు గానీ ఎక్కడా కనిపించడం లేదు. దాన్ని ఎలా తీయాలి? కొత్తది బిగిస్తే ఆ ఒక్క అర కోసం విడిగా మరో చెవి మోయవలసిందేనా?

సమాధానం: మీరు చెప్పిన రెండు లక్షణాలకూ కారణం ఒకటే కాకపోవచ్చు. చెవి సగంలో ఆగిపోతుంటే లోపం సిలిండర్‌లోనో చెవిలోనో ఉన్నట్టు. చెవి చక్కగా తిరిగినా మూత తెరుచుకోకపోతే మాత్రం సిలిండర్ వెనుక కొసకు అమరే గడియనో, ఆ గడియ వెళ్లి పట్టుకునే కొక్కేన్నో అనుమానించాలి. అందుకని పాతదాన్ని ఊడదీసే ముందు ఒక చిన్న పరీక్ష చేయండి. మూత తెరిచి ఉన్నప్పుడు గడియను స్క్రూడ్రైవర్ కాడతో నొక్కి, మూసినట్టుగా పడనిచ్చి, అప్పుడు చెవి తిప్పి మీట లాగి చూడండి. మూత తెరిచి ఉండగా గడియ ప్రతిసారీ తేలిగ్గా విడిపోతూ, మూసినప్పుడే పట్టేస్తుంటే సిలిండర్ తప్పేమీ లేదు, ఏళ్ల తరబడి మూతను విసురుగా వేయడం వల్ల కొక్కెం పక్కకు జరిగింది. దాన్ని బిగించిన స్క్రూలను కాస్త వదులు చేసి, వెంట్రుకవాసి జరిపి మళ్లీ బిగిస్తే సరిపోతుంది. మార్చనక్కర్లేని సిలిండర్లను మార్చినవారు చాలామందే ఉంటారు.

చెవి పట్టేయడం సంగతికి వస్తే, ఈ రకం సిలిండర్‌లో పలుచని ఇత్తడి రేకులు వరుసగా ఉంటాయి. వీటిని తాళాల పనివారు వేఫర్లు అంటారు. ఒక్కో రేకునూ ఒక్కో చిన్న స్ప్రింగు నెడుతూ ఉండటంతో, చెవి లేనప్పుడు రేకుల అంచులు బయటకు పొడుచుకువచ్చి చుట్టూ ఉన్న గూటి గాడిలో దిగి, సిలిండర్‌ను తిరగనివ్వవు. సరైన చెవి దూరగానే రేకులన్నీ సిలిండర్ ఉపరితలంతో సమంగా సర్దుకుంటాయి. చెవి పళ్లు అరిగితే ఒకటి రెండు రేకులు ఆ మట్టానికి చేరవు, అందుకే సగంలో ఆగిపోతుంది. అంతగా వాడని రెండో చెవి మీ దగ్గర ఉంటే ముందు దానితో ప్రయత్నించండి. అరిగిన చెవిని చూసి కోయించిన నకలులో ఆ అరుగుదల కూడా వచ్చేస్తుంది కాబట్టి, చెవి కోడు (పళ్ల కోతను తెలిపే సంఖ్య) దొరికితే దాని ప్రకారం కోయించడమే మంచిది.

ఇక సిలిండర్ తీసే విధానం. స్క్రూ కనిపించకపోవడంలో వింతేమీ లేదు, చాలా కార్లలో దాన్ని పట్టి ఉంచేది చివరన ఉండే మరో ప్రత్యేకమైన రేకు. చెవిని లోపలికి పూర్తిగా దూర్చి, నిర్ణీత స్థానానికి తిప్పినప్పుడు, ముఖం మీదో గడియ పెట్టె పక్కనో ఉన్న గుండుసూది మందపు రంధ్రానికి ఎదురుగా ఆ రేకు వస్తుంది. సాగదీసిన పేపర్ క్లిప్పును ఆ రంధ్రంలో పెట్టి నొక్కి ఉంచి, చెవిని పట్టుకుని తిన్నగా లాగితే సిలిండర్ బయటకు వస్తుంది. ఆ స్థానం ఒక్కో మోడల్‌కు ఒక్కో చోట ఉంటుంది కాబట్టి, రాకపోతే తీగ మీద ఒత్తిడి తీయకుండా చెవిని అటూ ఇటూ కొద్దికొద్దిగా తిప్పుతూ చూడాలి తప్ప పట్టకారుతో లాగకూడదు, చెవి లోపలే విరిగితే పని రెట్టింపవుతుంది. రంధ్రమే లేకపోతే మూత లోపలి పలకను విప్పి వెనుకనుంచి చూడండి, అక్కడ ఇంగ్లిషు యూ ఆకారపు క్లిప్పు గానీ అంచున గాట్లున్న గుండ్రటి నట్టు గానీ ఉంటుంది. గడియ పెట్టె తరచుగా జింకు మిశ్రమంతో పోతపోసినదై ఉంటుంది, పాతబడినకొద్దీ అది పెళుసుబారుతుంది. తిరిగి బిగించేటప్పుడు స్క్రూ ఆగిన చోటే ఆపండి.

చెవి విషయంలో, మీ కారు మొదటినుంచీ ఏ పద్ధతిలో ఉందో ముందు గమనించండి. జనరల్ మోటార్స్ చాలా కాలం ఇంజను, తలుపులకు ఒక చెవి, డిక్కీ, గ్లవ్ బాక్స్‌లకు మరో చెవి ఇచ్చేది. వేరే కొన్ని కార్లలో, బండిని నిలిపే పనివారికి ఇచ్చే వాలెట్ చెవితో గ్లవ్ బాక్స్ తెరుచుకోదు. పాత చెవినే ఉంచుకోవాలంటే కొత్త సిలిండర్‌లో అది దూరాలి, అంటే చెవి పక్కల గాడుల ఆకారం కలవాలి. దూరితే, కొత్త సిలిండర్‌ను చేతిలో పెట్టుకుని పాత చెవి దూర్చి, ఏ రేకులు పైకి పొడుచుకున్నాయో చూడండి. రెండూ ఒకే తయారీవైతే పాత సిలిండర్ రేకులను అదే వరుసలో కొత్తదానిలోకి మార్చుకోవచ్చు. ఈ పని అంచులున్న పళ్లెంలో తెల్లని గుడ్డ పరచి చేయండి, ఆ స్ప్రింగులు ఒకసారి ఎగిరిపడితే తివాచీలో వెతకడం వృథా ప్రయాస. ఎంతకీ కుదరని రేకును తీసేసినా, అంచును సన్నటి ఆకురాయితో సమం చేసినా గ్లవ్ బాక్స్‌కు నేను అభ్యంతరం చెప్పను, ఆ ప్లాస్టిక్ మూత ఇచ్చే భద్రత ఎలాగూ అంతంతమాత్రమే. ఇంజను తాళానికీ తలుపులకూ మాత్రం ఈ కిటుకు పనికిరాదు.

ఆకురాయితో రాకినప్పుడు రాలిన ఇత్తడి పొడిని తుడిచి, చిటికెడు గ్రాఫైట్ పొడి వేయండి. నూనె వేస్తే దుమ్ము పట్టి జిగురవుతుంది. సిలిండర్ వెనుక కొస గడియలోని గాడిలో సరిగా కూర్చుందో లేదో చూసుకుని, ముందు చెప్పిన స్క్రూడ్రైవర్ పరీక్షను కొత్తదానిపై పలుమార్లు చేసిన తరువాతే మూత వేయండి.

ప్రశ్న: మా కారు గ్లవ్ బాక్స్‌కు తాళం పడి ఉంది, చెవి పోయింది. పగలగొట్టక తప్పదా?

సమాధానం: పగలగొట్టనక్కర్లేకపోవచ్చు. మూత కీళ్లు సాధారణంగా అడుగున ఉంటాయి. కొన్ని మోడళ్లలో కింద పడుకుని చూస్తే వాటి స్క్రూలు చేతికందుతాయి. అవి విప్పితే మూత కిందివైపునుంచి వదులై, గడియను లోపలినుంచి విప్పేంత సందు దొరుకుతుంది. కారులో ప్రయాణికుడి వైపు ఎయిర్‌బ్యాగు ఉంటే, పని మొదలుపెట్టే ముందు బ్యాటరీ నెగటివ్ తీగ తీసేసి, మాన్యువల్‌లో చెప్పినంతసేపు ఆగండి. పసుపు రంగు కనెక్టర్లు కనిపిస్తే వాటి జోలికి పోవద్దు.

ఏ దారీ లేకపోతేనే డ్రిల్లు. చుట్టూ మందపాటి టేపు అంటించి, రక్షణ కళ్లద్దాలు పెట్టుకుని, చెవి దూరే సందు దగ్గర 3 మిల్లీమీటర్ల బిట్‌తో మొదలుపెట్టి, తరువాత ఇంకొంచెం లావు బిట్‌తో రేకుల లోతు వరకే తొలవండి. వేగం పెరిగితే లోహం వేడెక్కి చుట్టూ ఉన్న ప్లాస్టిక్ కరుగుతుంది. రేకులు తునిగాక సిలిండర్ స్క్రూడ్రైవర్‌తో తిరుగుతుంది. మూత తెరిచాక లోహపు రజను దీపం స్విచ్‌లోకి పోకుండా అంతా వ్యాక్యూమ్‌తో లాగేయండి. కొత్త తాళం బిగించాక మూత పూర్తిగా మూసుకుని ఆ స్విచ్‌ను నొక్కుతోందో లేదో కూడా చూసుకోండి. నొక్కకపోతే లోపల దీపం రాత్రంతా వెలిగి బ్యాటరీని దించేస్తుంది.