నీడో డబ్బాలో గల్ఫ్ చిల్లర

ప్రశ్న: మా బాపు ఇరవై ఏళ్లు గల్ఫ్‌లో చేసి వచ్చాడు. దుబాయ్, సౌదీ, కువైట్ చిల్లరంతా ఒక పాత నీడో పాలపొడి డబ్బాలో కలిసిపోయి ఉంది, మన పాత పైసలు కూడా అందులోనే. ఏది ఏ దేశానిదో తెలియట్లేదు. ఒకదాని మీద అరబ్బీ అంకెల్లో 1408 అని ఉందట, అంటే ఆరువందల ఏళ్ల నాణెమని తమ్ముడు ఒకటే గోల. అమ్మితే ఏమైనా వస్తుందా?
– ఒక పాఠకురాలు, జగిత్యాల

జవాబు: ముందు తమ్ముణ్ని కాస్త ఆగమనండి. అది హిజ్రీ, అంటే ముస్లిం క్యాలెండర్ సంవత్సరం, మన లెక్కలో 1987-88.

పేపర్ పరిచి డబ్బా బోర్లించండి. అక్షరాల జోలికి పోకుండా బొమ్మలు చూడండి. ఖర్జూర చెట్టు కింద రెండు కత్తులుంటే సౌదీ. పొడుగు ముక్కు కాఫీ కూజా ఉంటే దుబాయ్ దిర్హమ్, జింక ఉన్నది అక్కడి 25 ఫిల్సులు (మన పైసల్లాంటి చిల్లర). తెరచాప పడవ కువైట్‌ది, కాకపోతే దుబాయ్ 10 ఫిల్సుల మీదా పడవే ఉంటుంది, రాగి రంగులో ఉంటే దుబాయ్ కుప్పలో వేయండి. పడవతో పాటు ఖర్జూర చెట్లు కూడా ఉంటే అది ఖతర్‌ది, బాపు దోస్తుల ద్వారా వచ్చి ఉంటుంది. అంకెల్లో అందరూ బోల్తా పడేది ఒక్కచోటే: మన సున్నాలా గుండ్రంగా కనిపించేది ఐదు, ఒట్టి చుక్క పెడితే సున్నా. అంటే గుండ్రం పక్కన చుక్క ఉంటే యాభై.

మన పైసల్లో చార్మినార్ బొమ్మ ఉన్నది నిజాం కాలంది, అందులో రూపాయి బిళ్ల దొరికితే వెండిదే, విడిగా దాచండి. నల్లబడిందని చింతపండు పెట్టి మాత్రం తోమకండి. మా ఇంట్లో అవ్వ రాగి చెంబులతో పాటు ఒక పాత బిళ్లని కూడా తోమేసింది, తళతళలాడింది గానీ కొనేవాడు చూసి పెదవి విరిచాడు. సబ్బు నీళ్లలో ముంచి, మెత్తటి గుడ్డతో అద్దితే చాలు.

ఇక అమ్మకం. ఎక్స్ఛేంజ్ షాపులు మామూలుగా నోట్లే తీసుకుంటాయి, చిల్లర ముట్టుకోవు. పాత నాణేనికి లక్షలిస్తాం, ముందు కమీషన్ కట్టండి అంటూ ఫోన్లు వస్తే పెట్టేయండి, రిజర్వ్ బ్యాంకే 2021లో దీని మీద జనాన్ని హెచ్చరించింది. కువైట్ బిళ్లలు మాత్రం తేలిగ్గా తీసుకోకండి: 100 ఫిల్సులవి పది కలిస్తే ఒక దినార్, మన డబ్బుల్లో రెండొందలకు పైమాటే. వాడకట్టులో ఎవరైనా కువైట్ పోతుంటే లెక్కపెట్టి చేతిలో పెట్టండి.